కౌంట్‌డౌన్ టైమర్: వలయం, అంకెలు ఒకే గడియారం మీద

డెస్క్‌టాప్ కౌంట్‌డౌన్ టైమర్ ఒక రూపానికి వచ్చింది. పైథాన్‌లో, పైసైడ్6 తో చేస్తున్నాను (విండోలు, బొమ్మలు చేసే క్యూటీ లైబ్రరీని పైథాన్ నుంచి వాడుకోనిచ్చేది ఇది). విండో మధ్యలో మందపాటి వలయం, దాని లోపల పెద్ద అంకెలు. సమయం గడిచేకొద్దీ వలయం తరిగిపోతుంది. సెకను మారినప్పుడల్లా పాత అంకె పైకి జరిగి, కొత్తది కింది నుంచి వస్తుంది. చివరి 10 సెకన్లలో రంగు ఎరుపుకు తిరుగుతుంది.

ఇందులో నాకు అన్నిటికన్నా ముఖ్యమైనది, ప్రోగ్రామ్‌లో ఎక్కడా సెకన్లను ఒక్కొక్కటిగా తగ్గించే లైను లేకపోవడం. సెకనుకోసారి ఒక ఫంక్షన్‌ని పిలిచి అంకెలోంచి ఒకటి తీసేయడం చాలా ఉదాహరణల్లో కనిపిస్తుంది. కానీ టైమర్ సరిగ్గా 1000 మిల్లీసెకన్లకే మోగుతుందన్న హామీ లేదు. ఈవెంట్ లూప్, అంటే క్లిక్‌లనీ టైమర్లనీ వరసగా చూసుకునే ప్రోగ్రామ్ చక్రం, వేరే పనిలో ఉంటే పిలుపు ఆలస్యమవుతుంది. ప్రతిసారీ టైమర్‌ని కొత్తగా పెట్టే కోడ్‌లో ఆ ఆలస్యాలు పోగుపడతాయి. సెకనుకు 5 మిల్లీసెకన్లే అనుకున్నా గంటకు 18 సెకన్లు తేడా వస్తుంది.

అందుకే స్టార్ట్ నొక్కగానే ముగింపు క్షణాన్ని లెక్కేసి పెట్టుకుంటున్నాను. పైథాన్ టైమ్ మాడ్యూల్‌లోని మోనోటానిక్ అనే, ముందుకే నడిచే గడియారం ఇచ్చే విలువకు మొత్తం సెకన్లు కలిపితే అదే ముగింపు. ఆ తర్వాత ప్రతి ఫ్రేమ్‌లోనూ ముగింపులోంచి ఇప్పటి విలువ తీసేస్తే మిగిలిన సమయం వస్తుంది. మామూలు సిస్టమ్ గడియారం ఇక్కడ పనికిరాదు. ఇంటర్నెట్ సమయంతో సరిచేసుకున్నప్పుడు అది ముందుకో వెనక్కో దూకవచ్చు, మోనోటానిక్ వెనక్కి వెళ్లదు. పాజ్ చేస్తే మిగిలిన సమయాన్ని దాచి, మళ్లీ మొదలుపెట్టేటప్పుడు కొత్త ముగింపు లెక్కేస్తే చాలు. లైనక్స్‌లో కంప్యూటర్ నిద్రలో ఉన్న కాలం మోనోటానిక్‌లో కలవదు. చదువుకునేటప్పుడు వాడే టైమర్‌కి అదే మంచిదని అలాగే ఉంచాను. నిద్రలోనూ కాలం గడవాలనుకునేవాళ్లకి బూట్‌టైమ్ గడియారం ఉంది, పైథాన్ 3.7 నుంచి దొరుకుతుంది.

వలయాన్ని క్యూటీలో బొమ్మలు గీసే క్యూపెయింటర్‌లోని డ్రాఆర్క్ (చాపం గీసే ఫంక్షన్) గీస్తుంది. దానికి కోణం డిగ్రీలో 16వ వంతుల్లో ఇవ్వాలి, కాబట్టి పూర్తి చుట్టు 5760. సున్నా కోణం గడియారంలో 3 దగ్గర ఉంటుంది, ధన విలువ ఎడమ చుట్టుగా తిరుగుతుంది. 1440 దగ్గర, అంటే 12 దగ్గర మొదలుపెట్టి, 5760 ని మిగిలిన భాగంతో గుణించి ధన విలువగానే ఇస్తే ఖాళీ జాగా గడియారపు ముల్లు దిశలో పెరుగుతుంది. పెన్ మందం 14 పిక్సెల్స్, గీత మధ్యరేఖకు అటూ ఇటూ పడుతుంది కనుక వలయం ఇమిడే చతురస్రాన్ని నాలుగు వైపులా 7 పిక్సెల్స్ లోపలికి జరపాలి, లేకపోతే అంచులు తెగుతాయి. గీత అంచుల్ని నునుపుగా చూపే యాంటీఅలియాసింగ్ తప్పనిసరి.

అంకెల దగ్గర ఎక్కువసేపు ఆగాను. మిగిలిన సమయాన్ని పైనున్న పూర్తి సెకనుకు సవరించాలి. అప్పుడే 25 నిమిషాలు పెడితే మొదట 25:00 కనిపించి, సున్నా సరిగ్గా చివర్లో వస్తుంది. ముందు పైకి సవరించి, తర్వాతే 60 తో భాగించాలి. వరస తిరగబడితే 59.4 సెకన్ల దగ్గర 1:00 కి బదులు 0:60 పడుతుంది. అంకెలు అటూ ఇటూ కదలకుండా, ఫాంట్‌లోని అన్నిటికన్నా వెడల్పైన అంకెను కొలిచి, ప్రతి అంకెకూ అంతే గడి ఇచ్చి, జరిగేటప్పుడు బయటికి రాకుండా ఆ గడికే క్లిప్ చేశాను, అంటే గడి దాటిన భాగం కనిపించదు.

జరిగే యానిమేషన్‌కి విడిగా యానిమేషన్ ఆబ్జెక్ట్ పెట్టలేదు. పైకి సవరించిన విలువలోంచి అసలు మిగిలింది తీసేస్తే, ఈ సెకనులో ఎంత గడిచిందో 0 నుంచి 1 లోపు తెలుస్తుంది. మొదటి పావు సెకనులో దాన్నే ఈజ్-అవుట్ క్యూబిక్ అనే, చివర్లో వేగం తగ్గించే సూత్రంలోకి పంపితే అంకె వేగంగా బయల్దేరి మెల్లగా స్థిరపడుతుంది. రంగు కూడా ఆ గడియారం నుంచే వస్తుంది. కావాలని ఈవెంట్ లూప్‌ని 400 మిల్లీసెకన్లు ఆపి చూశాను. బొమ్మ ఒక్క క్షణం నిలిచి, వలయం, అంకె, రంగు మూడూ ఉండాల్సిన చోటికే వచ్చాయి. ఆ దృశ్యం నాకు ఎంత సంతోషాన్నిచ్చిందో!

ఫ్రేమ్‌లకి 16 మిల్లీసెకన్ల క్యూటైమర్ (క్యూటీలోని టైమర్) వాడుతున్నాను, ప్రెసైస్ (కచ్చితమైన) రకం. మామూలుగా వచ్చే కోర్స్ (అంత కచ్చితం కాని) రకానికి 5 శాతం వరకు తేడాకి అనుమతి ఉంటుంది. ప్రతిసారీ అక్కడికక్కడే గీయించే రీపెయింట్ కాకుండా, తర్వాత గీయమని అడిగే అప్‌డేట్ పిలుస్తాను, ఒకేసారి వచ్చిన పిలుపుల్ని క్యూటీ తనే కలిపేస్తుంది. విండో మినిమైజ్ అయితే టైమర్ సెకనుకోసారికి మారుతుంది, కనపడని బొమ్మకు ప్రాసెసర్ ఎందుకు కష్టపడాలి? తిరిగి తెరిస్తే ముగింపు క్షణం ఉండనే ఉంది కాబట్టి వెంటనే సరైన చోట కనిపిస్తుంది.

గంట శబ్దం క్యూసౌండ్‌ఎఫెక్ట్‌తో పని చేస్తోంది. ట్రే ఐకాన్ మీద చిన్న వలయం గీయడం, విండో పరిమాణంతో పాటు ఫాంట్ పెరగడం ఇంకా మిగిలాయి. ముందుగా ఫాంట్ పని చేస్తాను.