డచ్ వీధి, ఐరిష్ బడి, తెలుగు ఇల్లు

మా పిల్లల బాల్యం మొదట నెదర్లాండ్స్‌లోని ఐండ్‌హోవెన్‌లో, ఆ తర్వాత ఐర్లాండ్‌లోని డబ్లిన్‌లో గడిచింది. రెండు చోట్లా మా ఇంటి భాష తెలుగే. అయితే గడప దాటగానే ఎదురైన డచ్, ఐరిష్ అనే రెండు భాషలు పిల్లల్ని పట్టుకున్న తీరులో ఉన్న తేడాను దగ్గర నుంచి చూశాక, ఒక భాష పిల్లల నోట నిలవాలంటే చట్టమూ పాఠ్యపుస్తకమూ పెద్దల అభిమానమూ చాలవని, ఆ భాష తప్ప మరో దారి లేని సందర్భాలు వాళ్ల రోజులో ఉండి తీరాలని నాకు గట్టిగా అనిపిస్తోంది.

డచ్ కోసం మేము పడిన శ్రమ దాదాపు ఏమీ లేదు. అక్కడ పిల్లలు సాధారణంగా నాలుగేళ్లు నిండగానే బడికి వెళ్తారు; ఐదేళ్ల నుంచి అది తప్పనిసరి. అక్కడి పెద్దలకు ఇంగ్లీషు బాగా వచ్చు కాబట్టి, మేము తడబడుతూ డచ్‌లో మొదలుపెట్టగానే వాళ్లు మర్యాదకొద్దీ ఇంగ్లీషులోకి మారిపోయేవారు. ఇసుక గుంటలో బొమ్మ లారీ కోసం పోట్లాడే నాలుగేళ్ల పిల్లలకు మాత్రం ఇంగ్లీషు రాదు. మా అబ్బాయికి ఆ లారీ కావాలంటే డచ్‌లోనే అడగాలి. మామూలు వాక్యంలో రెండో స్థానంలో ఉండే డచ్ క్రియ, 'ఎందుకంటే' అని కారణం చెప్పే ఉపవాక్యంలో మన తెలుగులో లాగా చివరికి జరుగుతుందని, ఇరవై ఐదును 'ఐదూ ఇరవై' అని తిరగేసి చెప్పాలని వాడికి ఎవరూ సూత్రాలుగా నేర్పలేదు. ఆటస్థలం నేర్పింది.

ఐర్లాండ్‌లో పరిస్థితి దీనికి పూర్తిగా భిన్నం. 1937 నాటి రాజ్యాంగం, ఇంగ్లీషుకు భిన్నమైన ఈ దేశపు సొంత భాష ఐరిష్‌ను జాతీయ భాషగా, మొదటి అధికార భాషగా ప్రకటించింది. 2007 నుంచి అది యూరోపియన్ యూనియన్ అధికార భాషల్లో ఒకటి. 1996లో మొదలైన టీజీ4 అనే టీవీ చానల్ కూడా దానికి ఉంది. 2022 జనాభా లెక్కల్లో సుమారు 18.7 లక్షల మంది, అంటే జనాభాలో దాదాపు 40 శాతం, తమకు ఐరిష్ వచ్చని చెప్పుకున్నారు. కానీ బడి వెలుపల రోజూ మాట్లాడేవారు వారిలో సుమారు 72 వేల మందే. మా అమ్మాయికి బడిలో మొదటి ఏడాది నుంచే ఐరిష్ ఉంది. బాత్రూముకు వెళ్లడానికి అనుమతి కోరే వాక్యాన్ని ఈ దేశంలో చదివిన పిల్లలందరి లాగే తడుముకోకుండా చెప్పగలదు, అయితే బడి గేటు దాటితే ఐరిష్‌లో మాట్లాడవలసిన మనిషి మా వీధిలో ఒక్కరూ లేరు.

ఇందులో నన్ను బాధించే సంగతి ఏమిటంటే, నిర్మాణంలో డచ్ కంటే ఐరిషే చాలా చోట్ల మన భాషకు దగ్గరగా ఉంటుంది. డచ్ వాళ్లు పుస్తకాన్నీ ఆకలినీ కూడా 'కలిగి ఉంటారు'. ఐరిష్‌లో ఆ క్రియే లేదు. పుస్తకం నా దగ్గర ఉంటుంది, ఆకలి నా మీద ఉంటుంది. వచ్చావా అని అడిగితే, అవును అనడానికి ప్రత్యేకమైన మాట లేదు కాబట్టి 'వచ్చాను' అనే జవాబివ్వాలి. అన్నిటికంటే నన్ను ఆకట్టుకున్నది మనుషుల లెక్క. ఇంగ్లీషు అలవాటుతో మా అమ్మాయి తెలుగులో 'రెండు అక్కలు', 'మూడు ఫ్రెండ్స్' అంటుండేది, ఎంత దిద్దినా మళ్లీ అదే వచ్చేది. ఒక సాయంత్రం హోంవర్క్ పుస్తకంలో పిల్లల బొమ్మల కింద ఉన్న బెర్ట్, ట్రూర్, క్యాహ్రర్ అనే మాటలు చదువుతూ, వస్తువులకు వేరే అంకెలు, మనుషులకు ఇవి అని నాకు వివరించి, 'అమ్మా, ఇద్దరు, ముగ్గురు, నలుగురు ఇలాంటివే కదా' అంది. ఆ తర్వాత నేను దిద్దవలసిన అవసరం చాలా తగ్గింది.

ఇంత చక్కని భాష ఎలా వెనకబడిందన్నది ప్రవాసంలో ఉన్న ప్రతి తెలుగు తల్లీ తండ్రీ తెలుసుకోవాలని నేను కోరుకుంటాను. 1831లో మొదలైన జాతీయ పాఠశాలలు ఇంగ్లీషులోనే బోధించాయి. 1845లో మొదలైన బంగాళాదుంపల కరువులో సుమారు 10 లక్షల మంది చనిపోయారు, దాదాపు అంతే మంది దేశం విడిచి వెళ్లారు. ఐరిష్ మాట్లాడే పడమటి పేద జిల్లాలే అందులో ఎక్కువగా దెబ్బతిన్నాయి. బతుకు అమెరికాలో ఉందని, అక్కడ ఇంగ్లీషు కావాలని తల్లిదండ్రులే నిర్ణయించుకున్నారు. పిల్లల మెడలో ఒక కర్ర వేలాడదీసి, ఐరిష్ మాట వినబడినప్పుడల్లా దాని మీద గాటు పెట్టి, సాయంత్రం ఆ గాట్ల లెక్కన శిక్షించే పద్ధతి ఉండేది. చాలా చోట్ల దానికి ఇంటివాళ్ల సమ్మతి కూడా ఉండేది. తెలుగు మాట్లాడితే జరిమానా వేసే బడులకు ఫీజు కట్టి మరీ పిల్లల్ని పంపిన తరం మనది. కాబట్టి వాళ్లను తప్పుపట్టే మనసు నాకు లేదు, వాళ్ల భయం నాకు తెలుసు.

కోట్లమంది మాట్లాడే భాషైనా అవసరం తీరితే జారిపోతుంది. మేము డబ్లిన్ వచ్చేనాటికి అబ్బాయికి పదమూడేళ్లు. పన్నెండేళ్లు దాటాక విదేశాల నుంచి వచ్చి చేరే పిల్లలకు కొన్ని షరతులతో ఐరిష్ నుంచి మినహాయింపు ఇస్తారు కాబట్టి వాడు ఆ భాష చదవలేదు. వాడి డచ్ కూడా ఇప్పుడు శనివారం రాత్రి ఐండ్‌హోవెన్ స్నేహితులతో ఆన్‌లైన్‌లో ఆడే ఆటలోనే మిగిలింది. ఆటలో పనికొచ్చే మాటలు చురుగ్గా ఉన్నాయి, మిగతావి వెతుక్కుంటున్నాడు.

ఐరిష్ వాళ్లు ఈ అవసరాన్ని పట్టుదలతో సృష్టించుకుంటున్న చోటు కూడా ఒకటుంది. గాల్వే, డొనెగాల్, కెర్రీ వంటి కౌంటీల్లో ఐరిష్ ఇంకా వీధి భాషగా ఉన్న ప్రాంతాలను గేల్‌టాఖ్ట్ అంటారు. వేసవిలో హైస్కూలు పిల్లలు సాధారణంగా మూడు వారాల పాటు అక్కడి ఇళ్లలో ఉండి, అన్నానికీ ఆటకూ ఐరిష్‌లోనే నోరు విప్పుతారు. మాకు అలాంటి చోటు తెనాలిలోని మా అమ్మగారిల్లు. ఆవిడకు ఇంగ్లీషు రాదు, ఫోనులో మనవరాలు ఇంగ్లీషు మాట వాడితే 'ఏంటమ్మా' అని మళ్లీ అడుగుతుంది. ఇక్కడి ప్రాథమిక బడులకు జూలై, ఆగస్టు సెలవులు. అక్కడి బడులు జూన్ మధ్యకే తెరుస్తారు కాబట్టి పగలంతా బావలూ వదినలూ దొరకరు. అందుకే ఈసారి ఊళ్లు తిరిగే కార్యక్రమాలన్నీ తగ్గించి, సాయంత్రం నాలుగున్నర తర్వాత వాళ్లు బడి నుంచి వచ్చే వేళకు మా ఇద్దరు పిల్లలూ ఇంటి అరుగు మీదే ఉండేలా నెల రోజులకు టికెట్లు తీసుకున్నాం.