తొమ్మిది రోజుల జ్వరం

మొదట వణుకు వచ్చింది. రెండు దుప్పట్లు కప్పుకున్నా పళ్లు టకటకా కొట్టుకున్నాయి. గంట తర్వాత పక్కంతా తడిసేంత చెమట. మాలాంటివాళ్లకి ఇది కొత్తేమీ కాదు. మత్తు సరుకు అందని రోజున ఒళ్లు చేసే గోల ఇలాగే ఉంటుంది. అదే అనుకుని సూది వేసుకున్నాను. వేసుకుంటే తగ్గాలి కదా, తగ్గలేదు. నాలుగో రోజు నుంచి ఊపిరి లోపలికి తీస్తే పక్కటెముకల కింద పొడిచినట్టుండేది. ఏడో రోజు కళ్లెలో రక్తపు చారలు కనిపించాయి. తొమ్మిదో రోజు అక్క వచ్చి తలుపు బాదింది.

అప్పటిదాకా ఎందుకు పడుకున్నావని తర్వాత చాలామంది అడిగారు. చొక్కా చెయ్యి పైకి మడిస్తే నేనేమిటో ఎవరికైనా తెలిసిపోతుంది. తెలిస్తే ఆస్పత్రివాళ్లు పోలీసులకు చెబుతారని నా భయం. అంతకు రెండేళ్ల ముందు ఒకసారి దొరికిపోయాను. జేబులో ఉన్నది ఒక్క పూటకు సరిపోయేంత పొడి. నాలుగు నెలలు లోపలున్నాను. బయటికొచ్చేసరికి ఉద్యోగం లేదు, అద్దె గది లేదు. అలవాటు మాత్రం నాకోసం గుమ్మంలోనే కూర్చుని ఉంది.

అది ఎలా మొదలైందో చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు. వెన్నుపూస ఆపరేషన్ తర్వాత నొప్పి మాత్రలు రాశారు. కొన్నాళ్లకు రాయడం ఆపేశారు. ఒళ్లు మాత్రం అడగడం ఆపలేదు.

ఆస్పత్రిలో డ్యూటీ డాక్టరు నా మోచేతులు చూసి, షుగర్ మాత్రల గురించి అడిగినట్టే మామూలుగా అడిగింది: "ఏం వాడుతున్నారు? ఆఖరిసారి ఎప్పుడు?" పోలీసులకు చెబుతారా అన్నాను. "మీ రక్తంలో ఏ క్రిమి ఉందో పట్టుకోవడానికే నాకు టైము చాలట్లేదు" అంది. ఆ ఒక్క మాట తొమ్మిది రోజుల క్రితం విని ఉంటే!

రక్తపరీక్షలో తేలిన క్రిమి పేరు స్టాఫిలోకాకస్ ఆరియస్. మనుషుల చర్మం మీద, ముక్కులో కాపురముండేదే. వాడిన సూదినే మళ్లీ వాడితే, చర్మం శుభ్రం చేయకుండా పొడుచుకుంటే, అది నేరుగా రక్తంలోకి దిగి గుండెకు చేరుతుంది. గుండెకు తీసిన స్కాన్, ఎకోలో కనిపించింది: కుడివైపు ట్రైకస్పిడ్ కవాటానికి 15 మిల్లీమీటర్ల గడ్డ ఒకటి వేలాడుతూ, గుండె కొట్టుకున్నప్పుడల్లా ఊగుతోంది. దాని ముక్కలే తెగి ఊపిరితిత్తుల్లో ఇరుక్కున్నాయి. ముందే వచ్చుంటే కవాటం ఇంతగా చెడేది కాదని డాక్టరు చెప్పింది. మత్తుమందుకంటే మురికి సూదే నా గుండెను ఎక్కువ పాడుచేసింది. స్విట్జర్లాండులో 1994 నుంచి, మరే వైద్యానికీ లొంగని రోగులకు క్లినిక్‌లోనే శుభ్రమైన సూదితో, కొలిచిన మోతాదులో హెరాయిన్ ఇస్తున్నారు. ఇది చదివినప్పుడు నాకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి.

6 వారాలు నరంలోంచి యాంటీబయాటిక్ ఎక్కించాలన్నారు. మిగతావాళ్లను ఆ గొట్టంతోనే ఇంటికి పంపి, అక్కడే మందు ఎక్కిస్తారట. నన్ను పంపలేదు, అందులోంచి ఇంకేదైనా ఎక్కించుకుంటానని. కోపం వచ్చింది. కానీ నిజం చెప్పాలంటే మొదటి వారం నన్ను నేనే పంపేవాణ్ణి కాదు.

రెండో రోజుకే ఒళ్లు సరుకు కోసం తిరగబడింది. ఆవలింతలు, ముక్కు కారడం, పొట్టలో మెలికలు, గగుర్పాటు. ఈ గోలను అణిచే బ్యుప్రెనార్ఫిన్ అనే మందు ఇస్తామన్నారు, కానీ వెంటనే కాదు. పాత మత్తు ఇంకా ఒంట్లో ఉండగా ఇస్తే ఈ బాధంతా ఒక్కసారిగా మీద పడుతుందట. బాగా ముదిరేదాకా ఆగాలి. ఆగాను, మంచం పట్టె కొరికినంత పని చేసి. చివరికి నర్సు నాలుక కింద మాత్ర పెట్టి "మింగకు నాన్నా, కరగనివ్వు" అంది. చేదు. మాట్లాడకూడదు, గుటక వేయకూడదు. గంటన్నరకి నా కాళ్లు తన్నుకోవడం ఆగింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2005 నుంచే ఈ మందును అత్యవసర మందుల జాబితాలో ఉంచింది. జైల్లో నాలుగు నెలలూ నాకు దీని పేరు చెప్పినవాళ్లే లేరు.

మంచం మీద చేసే పనేముంది, ఫోనులో చదువుతూ కూర్చున్నాను. పోర్చుగల్ 2001 జులై నుంచి, పది రోజుల వాడకానికి మించని సరుకు దగ్గరుంటే దాన్ని నేరంగా చూడటం మానేసింది. పోలీసు దాన్ని లాక్కుంటాడు, కానీ మనిషిని కోర్టుకు కాకుండా ముగ్గురు సభ్యుల కమిషన్ ముందుకు పంపుతాడు. అమ్మేవాడికి మాత్రం జైలు మామూలే. వైద్యానికి కూడా అక్కడ డబ్బు పెట్టారు. సూదులు వాడేవాళ్లలో కొత్తగా హెచ్ఐవీ సోకడం బాగా తగ్గింది. అమెరికాలోని ఒరెగాన్ కూడా 2020లో ఓటు వేసి ఈ దారే పట్టింది. వాళ్లు 100 డాలర్ల జరిమానా చీటీ రాసి, ఈ నంబరుకు ఫోన్ చేస్తే అదీ రద్దు అన్నారు. చేసినవాళ్లు చాలా తక్కువ. చికిత్స కేంద్రాలకు డబ్బు ఆలస్యంగా అందింది, ఈలోగా వీధుల్లో హెరాయిన్‌కంటే ఎన్నో రెట్లు ఘాటైన ఫెంటానిల్ నిండిపోయింది. 2024 సెప్టెంబరు నుంచి మళ్లీ నేరమే. ఒళ్లు తిరగబడుతున్నవాడి చేతిలో చీటీ పెడితే ఏం లాభం? ఆ పూటకే నాలుక కింద మాత్ర దొరకాలి.

వాడేవాణ్ణి వదిలేస్తే కత్తులు ఆగుతాయా అని పక్క మంచం పెద్దాయన వాదించాడు. ఆగవు. బాకీ తీర్చలేదని నా వేళ్లు విరిచినవాడు కోర్టుకు వెళ్లి దావా వేయలేడు, దెబ్బలు తిన్న నేనూ ఫిర్యాదు చేయలేను. ఆ వ్యాపారంలో ఇనుప రాడ్డే న్యాయస్థానం. అమెరికాలో 1920 నుంచి 1933 దాకా సారా నిషేధంలో తుపాకులతో తేల్చుకున్న తగాదాలు, నిషేధం పోయాక లాయర్ల దగ్గరికి చేరాయి. మెక్సికో 2006 డిసెంబరులో మత్తు ముఠాల మీదికి సైన్యాన్ని దించింది. నాయకుణ్ణి పట్టుకున్నప్పుడల్లా ముఠాలు చీలి, ముక్కలు ఒకదాన్నొకటి నరుక్కున్నాయి. ఫిలిప్పీన్స్‌లో 2016 తర్వాత మత్తుమందుల పేరిట చేసిన పోలీసు దాడుల్లో పోయినవాళ్లు ప్రభుత్వ లెక్క ప్రకారమే 6,000 మందికి పైన. అయితే అమ్మకాన్నీ చట్టబద్ధం చేయాలా అంటే, నా నోట రాదు. నన్ను ఇందులోకి దించినవి చట్టబద్ధమైన మాత్రలే. నాకు ఖాయంగా తెలిసింది ఒక్కటే: జబ్బుపడ్డవాడికీ డాక్టరుకీ మధ్య పోలీసు నిలబడి ఉండకూడదు.

ఇప్పటికి పద్నాలుగు నెలలైంది. కవాటం కొంచెం లీకవుతూనే ఉంది, రెండో అంతస్తు ఎక్కేటప్పుడు మధ్యలో ఆగుతాను. రోజూ మాత్ర వేసుకుంటాను. సంచిలో నలాక్సోన్ స్ప్రే ఉంటుంది. హెరాయిన్‌లాంటి మత్తు మోతాదు మించి ఊపిరి ఆగితే, ముక్కులో కొట్టగానే నిమిషాల్లో దాన్ని తిరిగి తెప్పించగల మందు. ఆ రోజు ఆ గదిలో అది లేదు.

ఆ రోజంటే, మా స్నేహితుడొకడు జైలు నుంచి వచ్చిన మూడో రోజు. లోపల ఒళ్లు అలవాటు తప్పింది, వాడేమో పాత మోతాదే వేసుకున్నాడు. పెదాలు నీలంగా మారాయి. మిగతా ఇద్దరూ పారిపోయారు. నేను ఫోను చేతిలో పట్టుకుని, అంబులెన్స్ వెనకే పోలీసులు వస్తారేమోనని ఆలోచిస్తూ నిలబడ్డాను. ఎనిమిది నిమిషాలు. తర్వాత చేశాను.

పోయిన నెల వాళ్లమ్మగారిని చూడటానికి వెళ్లాను. మంచినీళ్లిచ్చి, ఎదురుగా కూర్చుని అడిగారు: "వెంటనే ఫోన్ చేశారు కదా నాన్నా?"

"చేశామమ్మా" అన్నాను.