చీమకుర్తి రేటు, కావలి రేటు

నిరుడు కావలిలో మా ఇంటి మీద మొదటి అంతస్తు వేసుకున్నప్పుడు వంటగది గట్టుకూ మెట్లకూ గెలాక్సీ గ్రానైట్, అంటే బంగారు చుక్కలుండే నల్లరాయి, వేయించాలని ఇంట్లో అందరం అనుకున్నాం. మేస్త్రి టేపు పట్టి కొలిచి 140 చదరపు అడుగులు కావాలన్నాడు. మా వీధికి దగ్గర్లోని గ్రానైట్ దుకాణంలో అడిగితే అడుగు 185 రూపాయలు చెప్పారు. ఆ రాయి పుట్టే చీమకుర్తి ఒంగోలుకు 20 కిలోమీటర్ల దూరం, మా ఊరి నుంచి పొద్దున బయలుదేరితే పని చూసుకొని సాయంత్రంలోగా తిరిగి రాగలిగినంత దగ్గర. గని పక్కనే ఉన్నవాళ్ళం మధ్యలో ఒక దుకాణదారుడికి లాభం ఎందుకివ్వాలని మా బావగారు అన్నారు, నాకూ ఆ మాట సబబుగానే తోచింది. చీమకుర్తిలోని ఒక ఫ్యాక్టరీకి ఫోన్ చేస్తే అడుగు 150 అన్నారు. అడుగుకు 35 రూపాయల చొప్పున 4,900 రూపాయలు మిగులుతాయని కాగితం మీద లెక్క వేసుకొని మరీ వెళ్ళాను. తీరా పని ముగిసేసరికి దుకాణం ధర కంటే పది వేల రూపాయలకు పైగా ఎక్కువైంది. ఇందులో నన్ను ఎవరూ మోసం చేయలేదు. ఇల్లు కట్టుకుంటున్నవారు ఎవరు కనిపించినా నాకు బావగారు చెప్పిన సలహానే వింటున్నారు కాబట్టి, ఆ పది వేలు ఎక్కడెక్కడ పోయాయో వివరంగా రాస్తున్నాను.

ఫ్యాక్టరీలో అడుగుపెట్టగానే మొదట అర్థమైన విషయం, వాళ్ళు 140 అడుగులు అమ్మరని. వాళ్ళ సరుకు పలక, అంతకు చిన్న కొలత వాళ్ళకు లేదు. నేను చూసిన పలకలు 9 అడుగుల పొడవు, 6 అడుగుల వెడల్పు, అంటే ఒక్కొక్కటి 54 చదరపు అడుగులు. రెండు తీసుకుంటే చాలవు, మూడు తీసుకుంటే 162 అడుగులు. నాకు అక్కరలేని 22 అడుగులకు కూడా 150 చొప్పున కట్టాలి. కావలసిన సైజుకు కోసి ఇవ్వమని అడిగితే, పెద్ద దిమ్మను యంత్రానికి ఎక్కించాక పదుల కొద్దీ రంపాలు ఒకేసారి దిగుతాయని, మెట్ల ముక్కలు కోయడం తమ దగ్గర జరిగే పని కాదని అక్కడి గుమస్తా మర్యాదగానే చెప్పాడు. పలకల్లో లెక్కపెట్టేది కూడా మాబోటివాళ్ళ కోసమేనట. వాళ్ళ అసలు లెక్క లారీల్లోనూ, విదేశాలకు పోయే కంటైనర్లలోనూ ఉంటుంది. ఇరవై అయిదు టన్నుల సరుకు ఒకేసారి ఎత్తుకుపోయే కొనుగోలుదారు కోసం కట్టిన షెడ్డులో మూడు పలకల కోసం క్రేనును పిలిచి, నలుగురు కూలీలను నిలిపి, బిల్లు రాయించడం వాళ్ళకు పెద్ద పనే. లోడింగు పేరుతో 600 రూపాయలు తీసుకున్నారు.

రెండోది పన్ను. ఫోన్‌లో చెప్పిన 150 జీఎస్టీ కలపని ధర. ఫ్యాక్టరీవాళ్ళు ఎప్పుడూ అలాగే చెబుతారు, ఎందుకంటే వాళ్ళ దగ్గర కొనే వ్యాపారి తాను కట్టిన పన్నును తన అమ్మకం మీద కట్టవలసిన పన్నులో మినహాయించుకుంటాడు, కాబట్టి అతనికి అది ఖర్చు కింద లెక్క కాదు. ఇంటికోసం కొనే నాకు మినహాయింపు ఎక్కడిది? గ్రానైట్ పలకల మీద పన్ను 18 శాతం. అంటే 150 కాస్తా 177 అయింది. మా ఊరి దుకాణంలో చెప్పిన 185 పన్ను కలుపుకొని, కోసి, ఇంటి ముందు దింపి ఇచ్చే ధర. అంటే నేను వెళ్ళినరోజు నిజంగా ఉన్న తేడా అడుగుకు 8 రూపాయలే. అది తెలుసుకునేసరికి పలకలు ఎంచుకోవడం కూడా అయిపోయింది. అంత దూరం వెళ్ళి ఖాళీ చేతులతో తిరిగి రావడానికి మనసొప్పలేదు.

మూడు పలకలకు 24,300, పన్ను 4,374, వెరసి 28,674. దాని మీద లోడింగు. కావలి దాకా చిన్న లారీకి 4,000. గెలాక్సీ రాయి మామూలు గ్రానైట్ కంటే బరువు, 18 మిల్లీమీటర్ల మందం ఉన్న అడుగు పలకే దాదాపు 5 కిలోలు తూగుతుంది, అంటే నా పలక ఒక్కొక్కటి 270 కిలోలు. దాన్ని ఇంటి దగ్గర దింపడానికి క్రేను ఉండదు, మనుషులే దింపాలి. హమాలీలకు 1,500 అయింది. మొత్తం 34,774. దుకాణంలో 140 అడుగులకు అయ్యేది 25,900.

ఈ బాడుగ సంగతి తరువాత మా ఊరి దుకాణదారుడినే అడిగాను. అతను నిండు లారీ తెప్పిస్తాడు, కాబట్టి రవాణా అడుగుకు నాలుగైదు రూపాయలు పడుతుంది. నాకు పడింది దాదాపు 25 రూపాయలు. రోడ్డు అదే, రాయీ అదే. అతని లారీ నిండుగా వచ్చింది, నాది మూడు పలకలతో వచ్చింది.

ఆ మూడు పలకల్లోనూ ఒకటి చెడిపోయింది. గ్రానైట్ పలకలను అంచు మీద నిలబెట్టి, చెక్క ఆనించి, తాడు బిగించి తేవాలి. దుకాణాలకు సరుకు తెచ్చే బండ్లలో అందుకు ఇనుప స్టాండు ఉంటుంది. నేను మాట్లాడుకున్న బండిలో అది లేదు, పడుకోబెట్టి తెచ్చారు. దింపినప్పుడు చూస్తే నల్లగా, బంగారు చుక్కలతో నిగనిగలాడుతూ బాగానే ఉంది. మరునాడు మేస్త్రి దాని మీద చెంబుడు నీళ్ళు పోసి గుడ్డతో తుడిచి, "సార్, ఇటొచ్చి చూడండి" అన్నాడు. పలకంతా ఆరిపోయింది కానీ ఒక మూల నుంచి లోపలికి రెండడుగుల పొడవున వెంట్రుక మందం గీత మాత్రం తడిగానే నిలిచిపోయింది. పగులులోకి నీరు దిగితే ఆరడానికి సమయం పడుతుందని, కంటికి కనబడని బీటను అలాగే పట్టుకుంటారని అప్పుడు తెలిసింది. ఫ్యాక్టరీకి ఫోన్ చేస్తే, గేటు దాటిన సరుకుకు తమ పూచీ లేదని, బిల్లు మీద ఆ మాట అచ్చువేసి ఉందని అన్నారు. చూస్తే నిజంగానే ఉంది. ఆ బీట వల్ల రెండు మెట్లు తక్కువ పడ్డాయి. వాటిని 7 అడుగుల లెక్కన మా ఊరి దుకాణంలోనే 1,295 రూపాయలకు కొన్నాను. నా ఖర్చు 36,069కి చేరింది. నేను రెండుసార్లు పోయివచ్చిన ఖర్చు ఇందులో కలపలేదు.

ఫ్యాక్టరీలో కూర్చున్నప్పుడు గుమస్తాను ఒక మాట సూటిగా అడిగాను. దుకాణాలకు ఇచ్చే రేటే నాకూ ఇవ్వవచ్చు కదా, నేనూ డబ్బే ఇస్తున్నాను కదా అని. అతను టీ తెప్పించి చెప్పిన జవాబు నాకు ఇప్పటికీ గుర్తుంది. "సార్, మీరు ఇల్లు జన్మలో ఒకసారి కడతారు. మీ ఊరి దుకాణంవాళ్ళు నెల నెలా లారీ ఎత్తుతారు. వాళ్ళ రేటు మీకిచ్చానని తెలిస్తే మళ్ళీ మా గేటు తొక్కరు." చిల్లరగా వచ్చినవారికి ఫ్యాక్టరీ ధర ఎక్కువ చెప్పేది దురాశతో కాదు, ఏడాది పొడుగునా తమ సరుకు అమ్మిపెట్టేవాడి కడుపు కొట్టకూడదని. ఈ కట్టుబాటు గ్రానైట్‌కు మాత్రమే చెందింది కాదు. మిక్సీ, ఫ్యాను తయారుచేసే కంపెనీ తన సొంత వెబ్‌సైటులో గరిష్ఠ చిల్లర ధరకే అమ్ముతూ ఉండగా, మన ఊరి దుకాణంలో అదే సరుకు నాలుగు వందలు తక్కువకు దొరకడం చాలామంది చూసే ఉంటారు. ఆ ధరను మించి అమ్మకూడదని చట్టం చెబుతుంది కానీ తగ్గించి అమ్మడానికి అడ్డు లేదు. తన లాభంలోంచి తగ్గించే స్వేచ్ఛ దుకాణదారుడికి ఉంది. కంపెనీ తానే తగ్గిస్తే దుకాణదారుడికి అమ్ముకునే దారి ఉండదు.

ఇవన్నీ ఒక ఎత్తు, దుకాణదారుడు సరుకు కొనే పద్ధతి ఒక ఎత్తు. నాకు అన్నిటికంటే ఆసక్తిగా తోచింది అదే. నేను షెడ్డులో వరుసగా నిలబెట్టిన పలకల మధ్య తిరుగుతూ, చుక్కలు దట్టంగా సమంగా ఉన్నవి, తెల్ల చార లేనివి, మచ్చ లేనివి ఏరుకున్నాను. ఏరుకునేవాడికి మొదటి రకం ధరే పడుతుంది, అది న్యాయం కూడా. దుకాణదారుడు ఏరడు. ఒక దిమ్మ నుంచి వచ్చిన పలకలన్నీ మంచీ చెడ్డా కలిపి ఒకే సగటు ధరకు ఎత్తుకుంటాడు. అలా ఎత్తుకునేవారికి రేటు వేరని, అంచుల కొలతలో కూడా కొంత వదులుతారని గుమస్తా ఒప్పుకున్నాడు. ఇక దుకాణంలో జరిగేది నేర్పుతో కూడిన పని. పలక మధ్యలో తెల్ల చార ఉంటే పెద్ద గట్టుకు అది పనికిరాదు, కానీ ఆ చారకు అటూ ఇటూ మెట్లు కోస్తే ఒక్క మచ్చ లేని మెట్లు వస్తాయి. చార ఉన్న ముక్క అలమారా లోపల కనబడని చోట కూర్చుంటుంది. మిగిలిన సన్నని ముక్కలు కిటికీ అంచులకు, ఇంకా చిన్నవి తులసికోట చుట్టూ వేయడానికి పోతాయి. ఫ్యాక్టరీలో రెండో రకంగా లెక్కపడిన పలక అతని చేతిలో ముప్పాతిక వంతు మొదటి రకమవుతుంది. నా దగ్గర అలాంటి అవకాశం లేదు. ఇల్లు ఒక్కటే, కొలతలు ఒకటే. మిగిలిన ముక్కలు మా పెరటి గోడకు ఆనించి ఉన్నాయి, వాటి వెనుక తొండలు కాపురం పెట్టాయి.

ఉత్పత్తిదారుడి దగ్గరికి పోతే చవక అనే నమ్మకం ఇంకోచోట కూడా తప్పుతుంది. వెంకటగిరిలో నేతగాడి ఇంటికే వెళ్ళి మగ్గం మీది చీర అడిగేవారు చాలామంది ఉంటారు. ఆ మగ్గం మీద ఉన్న నూలు, జరీ ఎక్కువ ఇళ్ళల్లో మాస్టర్ వీవర్‌వి, అంటే ముడిసరుకు ఇచ్చి కూలికి నేయించుకునే వ్యాపారివి, నేతగాడిది కూలి. తనది కాని చీరకు అతను తగ్గించేదేముంటుంది?

నేరుగా కొనడం ఎప్పుడూ నష్టమని నేను అనను. మా బంధువులు ఒకరు కల్యాణమండపం కట్టినప్పుడు చీమకుర్తి నుంచి నిండు లారీ తెప్పించుకున్నారు. వాళ్ళకు నేల, మెట్లు, భోజనశాల బల్లలు, చేతులు కడిగే గట్లు అన్నీ ఉన్నాయి కాబట్టి పెద్ద ముక్క, చిన్న ముక్క, చార ముక్క అన్నీ ఎక్కడో ఒకచోట పట్టాయి. వాళ్ళకు గణనీయంగా కలిసొచ్చింది. ఒకే వీధిలో నలుగురు ఒకేసారి ఇళ్ళు కట్టుకుంటూ, ఒకే రాయి ఎంచుకొని, పలకలు పంచుకోవడానికి ఒప్పుకుంటే వాళ్ళకూ కలిసొస్తుంది. అప్పుడు వాళ్ళల్లో ఒకరు సరుకు దించుకోవాలి, కొలవాలి, పగిలినది ఎవరి వంతో తేల్చాలి, డబ్బు వసూలు చేయాలి. దుకాణదారుడు చేసేదీ ఆ పనులే. మా బావగారితో ఈ మాట అంటే, అడుగు ధర ఒకటే అడిగి మిగతావి అడగకుండా వెళ్ళడం నీ తప్పు అన్నారు. అది నిజమే. పన్ను కలిపా, కోసి ఇస్తారా, దింపుడు ఎవరిది, దారిలో పగిలితే ఎవరిది అనే నాలుగు ప్రశ్నలు ఫోన్‌లోనే అడిగి ఉంటే నేను ఇల్లు కదిలి ఉండేవాడిని కాదు.

మొన్న సంక్రాంతికి ముందు పూజగదిలో విగ్రహాలు పెట్టుకోవడానికి 4 అడుగుల పొడవు, అడుగున్నర వెడల్పు పలక ఒకటి కావలసివచ్చింది. పెరట్లో ఉన్నవి ఏవీ తొమ్మిది అంగుళాల వెడల్పు దాటలేదు. మా ఊరి దుకాణానికే వెళ్ళాను. ఆయన వెనుక గుట్టలోంచి ఎవరి ఇంటి గట్టు కోయగానో మిగిలిన ముక్క లాగి, నీళ్ళు పోసి తుడిచి, ఆరేదాకా ఇద్దరం చూశాక, అంచు పాలిష్ పట్టి ఇచ్చారు. అడుగు 110 చొప్పున 6 అడుగులకు 660 రూపాయలు.