నాన్నమ్మ కుర్చీ వెడల్పు

పదకొండు దాటింది. అందరూ పడుకున్నారు. నా మనసింకా ఆ చార్టు దగ్గరే ఉంది.

మా చర్చిలో, విదేశాలకు పంపే వీల్‌చైర్ల కోసం పడుతున్న ప్రత్యేక కానుక సంగతి. ఒక కుర్చీకి సరిపడా డబ్బు పోగైనప్పుడల్లా పిల్లలు గోడ మీది చార్టుకు ఒక కాగితం చక్రం అంటిస్తారు. ఈరోజు 31వ చక్రం మా చిన్నది అంటించింది. చప్పట్లు. నేనూ కొట్టాను.

నా నోరు ఊరుకోదుగా. బయటికొస్తూ ట్రెజరర్ గారిని అడిగాను: "అన్నీ ఒకే సైజా అండీ? అక్కడ కొలతలు చూసేదెవరు? చక్రం ఊడితే బాగుచేసేదెవరు?" ఆయన నవ్వి, "ధర్మానికిచ్చిన ఆవుకి పళ్ళు లెక్కపెడతారా సిస్టర్" అన్నారు. చుట్టూ ఉన్న నలుగురూ నవ్వారు. మా ఆయన కూడా! (అది రేపు తేల్చుకుంటా.) ఆ ఆవు మీద పొద్దస్తమానం కూర్చోవాల్సింది మీరు కాదుగా అని అనాల్సింది. ఇంటికొచ్చి గిన్నెలు తోముతుంటే తట్టింది.

నాన్నమ్మకు పక్షవాతం వచ్చాక కుర్చీ ఇచ్చింది కూడా ఎక్కడిదో ఒక సంఘమే. ఇద్దరు నాన్నమ్మలు పట్టే సీటు. ఆమె ఓ పక్కకి జారిపోయేది, మేం దిండ్లు కుక్కేవాళ్ళం. కాళ్ళు పాదాల పలకకు అందక వేలాడేవి. ఇచ్చినవాళ్ళకు పంపాలని ఫొటో తీస్తుంటే, "నన్నెందుకు, కుర్చీని తియ్యండి" అంది. రెండు నెలలకు నడుం కింద ఎర్రటి మచ్చ పడింది. స్పర్శ సరిగా లేదు కాబట్టి నొప్పని ఆమె చెప్పలేదు, మేం చూడలేదు. పుండయ్యాక మళ్ళీ మంచమే. కుర్చీ మీద బట్టలు ఆరేశాం.

అందుకే అడిగాను. నేను కనిపెట్టిందేం కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2008లోనే ఈ పనికి మార్గదర్శకాలు రాసింది. మనిషిని చూడటం, కొలవడం, తగిన కుర్చీ ఎంచడం, కూర్చోబెట్టి సరిచేయడం, వాడటం నేర్పడం, తర్వాత మరమ్మతులు చూసుకోవడం... అన్నీ కలిపి 8 మెట్లు. మా చార్టులో ఉన్నది ఒక్క మెట్టు, డబ్బు.

ఇంతవరకూ టైపు చేసి నీళ్ళు తాగడానికి లేచాను. వంటింటి కిటికీ తెరిచే ఉంది. మూస్తుంటే గుర్తొచ్చింది. కుర్చీ వచ్చిన రోజు సాయంత్రం వాన. నాన్నమ్మ పనిచేసే చేత్తో చక్రం తోసుకుంటూ, గోడకు రెండుసార్లు గుద్దుకుని, కిటికీ దగ్గరకెళ్ళి రెక్క లాగేసింది. "నా కిటికీ నేనే మూశా" అని ఇంట్లో అందరికీ విడివిడిగా చెప్పింది. ఆ రెండు నెలలూ ఆమెవే. కొలతలు తీసేవాళ్ళు వచ్చేదాకా ఆగుదాం అని నాలాంటిదెవరైనా అనుంటే?

1979లో మొరాకోలో ఒక స్త్రీ నేల మీద పాక్కుంటూ రోడ్డు దాటడం చూశాడు డాన్ షోన్‌డోర్ఫర్ అనే ఇంజనీరు. ఏళ్ళ తర్వాత తెల్లటి ప్లాస్టిక్ కుర్చీకి సైకిల్ చక్రాలు బిగించి, 2001లో తన సంస్థ మొదలుపెట్టాడు. అదీ ఒకే సైజే. కానీ నేల మీంచి లేపింది. తర్వాత కొలతలకు సర్దుకునే కుర్చీలు కూడా తెచ్చారు. అంటే ముందు ఇచ్చి, ఆ తర్వాత దిద్దుకున్నారు. లోకంలో వీల్‌చైర్ కావాల్సినవాళ్ళు 8 కోట్లని అంచనా. మా 31 ఎక్కడ, అది ఎక్కడ. అయినా ఆ పుండు గుర్తొస్తే మళ్ళీ ఒళ్ళు మండుతుంది.

కానుక కవరు తీసి, మీద "మెత్తలకూ, మరమ్మతులకూ మాత్రమే" అని రాశాను. కాసేపు చూసి "మాత్రమే" కొట్టేశాను.