సున్నాతో ముగిసే బీపీలు

మంగళవారం, ఓపీ అయ్యాక

బీపీ రిజిస్టరులో ఇవాళ్టి పేజీ: 120/80, 130/80, 140/90, మళ్లీ 140/90. అన్నీ సున్నాలే. బీపీ చూసే పాదరసం గొట్టం మీద గీతలు రెండేసి మి.మీ.కి ఉంటాయి. సరిగ్గా చదివితే చివరి అంకెగా 0, 2, 4, 6, 8 ఇంచుమించు సమంగా రావాలి. చూసేవాళ్ల కన్ను సున్నా దగ్గర ఆగిపోతోందన్నమాట. మందు మొదలుపెట్టాలా వద్దా అన్నది 140/90 దగ్గరే తేలుతుంది కాబట్టి 136నీ 144నీ ఒకే 140గా రాసేస్తే ఇద్దరికీ అన్యాయమే.

ఇలాంటి పేజీ కనబడితే బ్రిటిష్ డాక్టరు జూలియన్ ట్యూడర్ హార్ట్ గుర్తొస్తారు. పుట్టింది 1927లో, లండన్‌లో. తల్లీ తండ్రీ ఇద్దరూ డాక్టర్లే. 1961లో దక్షిణ వేల్స్‌లోని గ్లిన్‌కోరుగ్ అనే బొగ్గుగని ఊరికి వెళ్లి, పాతికేళ్లకు పైగా అక్కడే వైద్యం చేశారు. ఆయన రోగుల జాబితాలో సుమారు 1,800 మంది. 1970లో ఆ ఊరి గని మూతపడింది. కమ్యూనిస్టు పార్టీ తరఫున పార్లమెంటుకు మూడుసార్లు నిలబడి మూడుసార్లూ ఓడారు. తర్వాత లేబర్ పార్టీలో చేరారు. వైద్యం ఎవరికి ఎక్కువ అవసరమో వాళ్లకే తక్కువ అందుతుందని, వైద్యం బజారు సరుకైనకొద్దీ ఆ తేడా ముదురుతుందని 1971లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో రాసింది ఆయనే. ఆ వాక్యాన్ని ఇప్పుడు అందరూ వాడుకుంటారు, అందులోని బజారు ముక్క మాత్రం వదిలేస్తుంటారు.

నాకు ఆ వ్యాసం కన్నా ఆయన పనితీరే ఇష్టం. 1960ల చివర్లో ఊళ్లో పెద్దవాళ్లందరి బీపీ చూడాలనుకున్నారు. క్యాంపు పెట్టి రమ్మంటే వచ్చేది ఎటూ ఒంటి మీద శ్రద్ధ ఉన్నవాళ్లే. అందుకని ఇంకా బీపీ చూడనివాళ్ల రికార్డు కవర్ల మీద గుర్తు పెట్టించారు. దగ్గుకో, నడుంనొప్పికో, సెలవు చీటీకో ఎవరొచ్చినా గుర్తు కనబడితే చేతికి బీపీ పట్టీ చుట్టడమే. ఏళ్లు గడిచేకొద్దీ ఏదో ఒక పనిమీద దాదాపు అందరూ డాక్టరు గడప తొక్కుతారు. చివరికి మిగిలే కొద్దిమందినే వెతుక్కుంటూ పోవాలి.

చూడటం ఒక ఎత్తు, సరిగ్గా చూడటం మరో ఎత్తు. మనిషి నడిచొచ్చిన వెంటనే చూడకూడదు. ఐదు నిమిషాలు వీపు ఆనించి, పాదాలు నేలకు ఆన్చి, మాట్లాడకుండా కూర్చోవాలి. టీ, బీడీ అరగంట ముందే ఆపాలి. మూత్రం ఆపుకుని కూర్చున్నా బీపీ పెరుగుతుంది. చెయ్యి గుండె ఎత్తులో ఉండాలి. పది సెం.మీ. కిందికి వేలాడితే ఏడెనిమిది మి.మీ. ఎక్కువ చూపిస్తుంది. ముందు మణికట్టు నాడి పట్టుకుని పట్టీలోకి గాలి కొట్టాలి. నాడి ఆగిన చోటు నుంచి ఇంకో 30 మి.మీ. ఎక్కించి, ఆ తర్వాతే స్టెతస్కోపు పెట్టాలి. ఈ మెట్టు దాటేస్తే కొందరిలో మధ్యలో చప్పుడు వినబడని ఖాళీ మోసం చేస్తుంది, 180 ఉన్నవాళ్లకు 150 అని రాసేస్తాం. గాలి సెకనుకు రెండు మూడు మి.మీ. చొప్పున వదలాలి. రద్దీలో గబుక్కున వదిలేస్తే పై అంకె తగ్గుతుంది, కింది అంకె పెరుగుతుంది. డిజిటల్ యంత్రానికి సున్నాల జబ్బు లేదు కానీ, నాడి లయ తప్పినవాళ్ల దగ్గర అదీ తడబడుతుంది.

గ్లిన్‌కోరుగ్ పాతికేళ్ల లెక్క 1991లో అచ్చయింది. ఆ పరీక్షల్లో బయటపడిన 116 మంది అధిక రక్తపోటు రోగుల సగటు బీపీ 186/110 నుంచి 146/84కి దిగింది. వాళ్లలో పొగతాగేవాళ్లు 56 శాతం నుంచి 20కి తగ్గారు. అంతే పేదరికం ఉన్న పక్క ఊరితో పోలిస్తే 65 ఏళ్ల లోపు చావులు తక్కువ. కొత్త మందేదో కనిపెట్టి సాధించింది కాదిది. అదే మనిషిని మళ్లీ మళ్లీ పిలిచి చూసిన ఫలితం.

మన దగ్గరా ముప్పై దాటినవాళ్లందరికీ బీపీ, షుగరు చూడాలన్న కార్యక్రమం ఉంది. ఆశా అక్కలు ఇంటింటికీ తిరుగుతున్నారు. అందరినీ చేరుకోవడం సగం పనే, పట్టీ కొలత సరిపోకపోతే ఆ సగమూ వృథా. జబ్బ చుట్టుకొలత 32 సెం.మీ. దాటితే పెద్ద పట్టీ వాడాలి. మామూలుది బిగిస్తే లేని బీపీ కనబడుతుంది, అక్కర్లేని మాత్ర మొదలవుతుంది.

పెద్ద పట్టీ బీరువాలో ఉంది. రేపు తీసి బల్ల మీద పెట్టాలి, క్యూ ఉన్నప్పుడు లేచి వెళ్లి ఎవరూ తెచ్చుకోరు.