ఎలుగుబంటి వదిలేసింది, చిట్టెలుక పట్టుకుంది

కాలిఫోర్నియాలోని యోసెమిటీ నేషనల్ పార్కు నుంచి నిన్న రాత్రి మా ఊరు ఫ్రీమాంట్‌కి తిరిగొచ్చాం. అద్దెకి తీసుకున్న ట్రైలర్‌ని, అదే కారు వెనక తగిలించుకుని లాక్కెళ్ళే చిన్న ఇంటిబండిని, పొద్దునే యజమానికి అప్పజెప్పాం. కోపం ఇంకా దిగలేదు.

పార్కులో ట్రైలర్ పెట్టుకునే సైటు దొరకడం పెద్ద కథేం కాదు. ఐదు నెలల ముందు, 15వ తేదీ పొద్దున 7 గంటలకి బుకింగ్ తెరుస్తారు. అలారం పెట్టుకుని కూర్చుంటే అప్పర్ పైన్స్ క్యాంప్‌గ్రౌండ్‌లో దొరికింది. 16 అడుగుల ట్రైలర్‌ని చెట్ల సందులో రివర్స్‌లో పెట్టిన తీరు చూసి పక్క సైటు పెద్దాయన చప్పట్లు కొట్టాడు. ఈ సంగతి మా ఆవిడ ఎవరికీ చెప్పదు కాబట్టి నేనే చెప్పుకుంటున్నా.

ఎలుగుబంట్ల గురించి తెలిసినవాళ్ళందరూ భయపెట్టారు. తిండితోపాటు టూత్‌పేస్టు, సబ్బు, కొబ్బరినూనె కూడా సైట్లోని ఇనుప లాకర్లో పెట్టేశాం. ఓ రాత్రి ఎలుగు వచ్చి, లాకర్ వాసన చూసి, తన దారిన పోయింది. పేరుకి బ్లాక్ బేర్, ఒళ్ళంతా గోధుమ రంగు.

మా పీకమీదకి తెచ్చింది ఎలుక. తెల్లవారుజామున సింకు కింద గరగరమని చప్పుడు. తలుపు తీసి టార్చి వేస్తే పెద్ద చెవులు, తెల్లటి పొట్ట, నల్ల పూసల్లాంటి కళ్ళు. "ఎంత ముద్దుగా ఉందో నాన్నా!" అంది మా అమ్మాయి. నాకు చెమటలు పట్టాయి. అది డీర్ మౌస్. దాని మూత్రం, పెంటికల వల్ల ఊపిరితిత్తుల్ని దెబ్బతీసే హాంటావైరస్ సోకుతుంది. 2012లో ఇదే యోసెమిటీలో పదిమందికి సోకితే ముగ్గురు చనిపోయారు.

మా ఆవిడ చీపురు అందుకుంటే ఆపాను. ఊడ్చకూడదు, వాక్యూమ్ పెట్టకూడదు, ఆ దుమ్ము పీలిస్తేనే ప్రమాదం. ముందు ఫోటోలు తీశాను. తలుపులు, కిటికీలు తెరిచి అరగంట బయట కూర్చున్నాం. ఒక వంతు బ్లీచ్‌కి తొమ్మిది వంతుల నీళ్ళు కలిపి చల్లి, ఐదు నిమిషాలు నాననిచ్చి, గ్లౌజులు వేసుకుని పేపర్ టవల్‌తో తుడిచి, అంతా కవర్లో మూటకట్టి పారేశాం. గ్యాస్ పైపు లోపలికొచ్చే చోట పెన్సిల్ పట్టేంత సందు ఉంది. ఎలుకకి ఆ మాత్రం చాలు. గిన్నెలు తోమే స్టీల్ పీచు అందులో కుక్కాను.

ఇదంతా యజమానికి చెబితే థాంక్స్ అంటాడనుకున్నా. ఆయన లోపలికెళ్ళి, ముక్కు ఎగబీల్చి, "మీ వంటల్లో మసాలాలు ఎక్కువ కదా, ఆ వాసనకి వచ్చుంటాయి" అని డిపాజిట్‌లో 400 డాలర్లు పట్టుకున్నాడు. పక్కన ఇంకో కుటుంబం ట్రైలర్ కోసం నిలబడి ఉంది. వాళ్ళు మావైపు చూసిన చూపుకి మా ఆవిడ తల తిప్పేసుకుంది. ఉన్నన్నాళ్ళూ మేం తిన్నది ఉప్మా, పెరుగన్నం! అయినా ఎలుకకి ఎవరి వంటైతే ఏం? మనుషులకే ఈ తేడాలన్నీ.

అప్పుడు ఫోన్ తీసి గూడు ఫోటో చూపించాను. సీటు స్పాంజి కొరికి కట్టుకున్న గూడు, దాని నిండా దాచుకున్న కుక్కల తిండి గుళికలు. మాకు కుక్క లేదు. ఆయన గేటు దగ్గర రెండు కట్టేసి ఉన్నాయి.

కాసేపు ఫోటోనే చూసి, "మెయిల్ చెయ్యండి, చూస్తాను" అన్నాడు.

అద్దెకి తీసుకునేవాళ్ళని టైర్లు చూసుకోమని అందరూ చెప్తారు. నేనైతే డబ్బు కట్టకముందే సింకు కింద తలుపు తీసి వీడియో తీసుకోమంటా. మాకు ఇంకో టెన్షన్ కూడా ఉంది, హాంటావైరస్ లక్షణాలు ఎనిమిది వారాల దాకా ఎప్పుడైనా బయటపడొచ్చట. థర్మామీటర్ డైనింగ్ టేబుల్ మీదకి చేరింది. ఫోటోలు తేదీలతో సహా మధ్యాహ్నమే పంపాను, జవాబు రాలేదు.