144 హెర్ట్జ్ మానిటర్ కొని ఐదు నెలలు 60 మీద ఆడినోడి అనుభవం

ముందే చెప్తున్నా, నేనేం పెద్ద ప్లేయర్ని కాదు. వాలరెంట్ అనే తుపాకుల ఆన్‌లైన్ గేమ్‌లో సిల్వర్ 2 ర్యాంకు కాడ ఇరుక్కుపోయి సంవత్సరం దాటింది, పైకి పోయేది లేదు కిందకి పడేది లేదు. మాది బుచ్చిరెడ్డిపాళెం, అందరూ బుచ్చి అనే అంటారు. పొద్దున నుంచి రాత్రి ఎనిమిది దాకా నాన్నతో ఎరువుల కొట్లో లెక్కలు చూస్తా, తర్వాత అన్నం తిని మిద్దె మీద గదిలోకి పోయి కూర్చుంటే పన్నెండున్నర దాకా గేమే. మా ఇంటి వెనక గోడకి ఆనుకునే రైస్ మిల్లు. దాని గురించి తర్వాత చెప్తా, ఎందుకంటే సగం పాపం దానిదే.

పీసీ రెండేళ్ళ కింద అసెంబుల్ చేయించింది, ఐ5 10400ఎఫ్ ప్రాసెసర్, జీటీఎక్స్ 1650 గ్రాఫిక్స్ కార్డు, 8 జీబీ ర్యామ్ ఒకటే స్టిక్కు. పోయిన దసరాకి డబ్బులు దాచుకుని 144 హెర్ట్జ్ మానిటర్, అంటే సెకనుకి 144 సార్లు బొమ్మ మార్చేది, కొన్నా. పెట్టిన రోజు "అబ్బా ఎంత స్మూత్‌గా ఉందో" అని ఫ్రెండ్స్ అందరికీ చెప్పా కూడా. ఈ మాట గుర్తొస్తే ఇప్పటికీ సిగ్గేస్తుంది, ఎందుకో కింద తెలుస్తుంది.

బాధ ఏందంటే, ఖాళీగా మ్యాప్‌లో తిరుగుతుంటే బాగానే ఉంటుంది, బాంబు సైట్‌లోకి అందరూ ఒకేసారి దూరి రెండు పొగ స్మోకులు పడి రేజ్ అనే క్యారెక్టర్ గ్రెనేడ్ పేలిందంటే చాలు, స్క్రీన్ గుటకలు మింగినట్టు ఆగి ఆగి కదుల్తుంది. ఆ టైమ్‌లోనే కదా గురి కావాల్సింది. నేను చూసేలోపే ఎదుటోడు కాల్చేసి పోయుంటాడు, ముంబై సర్వర్ కాబట్టి టీమ్‌లో ఎవడో ఒకడు హిందీలో తిడతా ఉంటాడు, నాకు హిందీ సగమే అర్థమవుద్ది కానీ తిట్లు మాత్రం మొత్తం అర్థమవుతాయి.

అప్పుడు నేను చేసిన పని అందరూ చేసేదే, యూట్యూబ్‌లో "బెస్ట్ సెట్టింగ్స్" అని కొట్టి రోజుకో వీడియో చూసి రోజుకో రకంగా మార్చడం. గ్రాఫిక్స్ అన్నీ "లో"కి, అంటే బాగా తక్కువకి, దించేశా. రిజల్యూషన్ 1280 బై 960 స్ట్రెచ్డ్ పెట్టా, ఎదుటోళ్ళు లావుగా కనపడతారు కాల్చడం ఈజీ అని. అది కౌంటర్ స్ట్రైక్ అనే ఇంకో గేమ్ సంగతంట, వాలరెంట్‌లో మామూలుగా పెడితే మనుషులు లావు అవరు, మెనూ అక్షరాలు మాత్రం సాగిపోయి అసహ్యంగా ఉంటాయి. వారం రోజులు అట్టాగే ఆడి "ఇప్పుడు తలకాయలు పెద్దగా కనపడతా ఉన్నాయి" అని నాకు నేనే నమ్మించుకున్నా చూడండి, అదీ కామెడీ.

అన్నింటికంటే వెధవ పని ఇంకోటుంది. ఎవడో "ఎఫ్‌పీఎస్ బూస్ట్ ప్యాక్" అని ఒక ఫైలు పెట్టాడు (ఎఫ్‌పీఎస్ అంటే పీసీ సెకనుకి తయారు చేసే బొమ్మలు, అవే ఫ్రేములు), డబుల్ క్లిక్ చేస్తే విండోస్‌లో అక్కర్లేనివన్నీ ఆపేస్తుందంట. చేశా. నిజంగానే ఆపేసింది, దాంతో పాటు వాన్‌గార్డ్ సర్వీసు కూడా ఆపేసింది. అది లేకపోతే వాలరెంట్ అసలు తెరుచుకోదు, యాంటీ చీట్ అదే కాబట్టి. ప్రింటర్ పోయింది, బ్లూటూత్ పోయింది, కొట్టు బిల్లుల ప్రింటర్ కూడా ఆ పీసీకే పెట్టుండేది, పొద్దున్నే నాన్న చేత చీవాట్లు. విండోస్ మళ్ళీ కొత్తగా ఎక్కించుకోవాల్సి వచ్చింది. ఏం మారుస్తుందో చదవకుండా ఆ ఫైళ్ళు నొక్కబాకండి.

ఆ విండోస్ ఎక్కించే గొడవలోనే మా మేనమామ కొడుక్కి ఫోన్ చేశా, చెన్నైలో ఉద్యోగం, ఇట్టాంటివి బాగా తెలుసు. సంగతంతా చెప్పా. మొత్తం విని ఒకటే అడిగాడు.

"ఇప్పుడు నీకు ఎఫ్‌పీఎస్ ఎంత వస్తా ఉందిరా?"

"తక్కువ వస్తంది బావా."

"తక్కువంటే ఎంత?"

నాకాడ సమాధానం లేదు. రెండు నెలలు ఏది పడితే అది మార్చా కానీ ముందెంత వచ్చేది తర్వాత ఎంత వచ్చేది ఒక్కసారి కూడా రాసుకోలా. "అబ్బయ్యా, కొట్లో అట్టా లెక్కలు రాస్తే మీ నాయన నిన్ను ఉంచుకుంటాడా?" అన్నాడు. మాట గట్టిగానే తగిలింది.

సరే, బావ చెప్పినట్టే చేశా. సెట్టింగ్స్‌లో వీడియో కింద స్టాట్స్ అని ఒక ట్యాబ్ ఉంటుంది, అందులో క్లయింట్ ఎఫ్‌పీఎస్, నెట్‌వర్క్ ఆర్‌టీటీ (సర్వర్‌కి పోయి రావడానికి పట్టే టైమ్), ప్యాకెట్ లాస్ (దార్లో పోయే డేటా), ఇవి ఆన్ చేస్తే అంకె, గ్రాఫ్ రెండూ స్క్రీన్ మీదే కనపడతాయి. ప్రాక్టీస్ రేంజ్‌లో చూడబాకు, అక్కడ ఎవడూ ఉండడు కాబట్టి ఎప్పుడూ ఎక్కువే చూపిస్తుంది, డెత్‌మ్యాచ్‌లో చూడు అన్నాడు. డెత్‌మ్యాచ్ అంటే 14 మంది ఎవడికి వాడు కొట్టుకోవడం, ముందుగా 40 కిల్స్ చేసినోడు గెలుస్తాడు, చచ్చినా వెంటనే మళ్ళీ పుడతాం కాబట్టి ఆగకుండా లోడ్ ఉంటుంది. ఒక సెట్టింగ్ మార్చడం, మూడు డెత్‌మ్యాచ్‌లు ఆడటం, సగటున ఎంత, బాగా పడినప్పుడు ఎంత అని కొట్లో పాత చిట్టా పుస్తకం వెనక పేజీల్లో రాయడం. మొదటి రోజు రాసింది: రేంజ్‌లో 210, డెత్‌మ్యాచ్‌లో 150 చిల్లర, పడినప్పుడు 70.

ఇక పరువు పోయిన ఎపిసోడ్. బావ స్క్రీన్ షేర్ చెయ్యమన్నాడు. డిస్‌ప్లే సెట్టింగ్స్‌లోకి పో, అడ్వాన్స్‌డ్ డిస్‌ప్లే నొక్కు, రిఫ్రెష్ రేట్ ఎంతుందో చదువు అన్నాడు. చదివా. 60. అటు నుంచి కాసేపు ఏం సౌండ్ లేదు, తర్వాత పగలబడి నవ్వు. ఇది విండోస్ కొత్తగా ఎక్కించినందుకు మారిందేమో అని సర్దిచెప్పబోయా, పాత స్క్రీన్‌షాట్ ఒకటి ఉంటే తీసి చూశాం, అందులో కూడా 60యే. అంటే దసరా నుంచి శివరాత్రి దాటిందాకా 144 హెర్ట్జ్ మానిటర్‌ని 60 మీద వాడుతూ "ఎంత స్మూత్‌గా ఉందో" అని తిరిగా.

60 అంటే కొత్త బొమ్మ 16.7 మిల్లీసెకన్లకి ఒకసారి వస్తుంది, 144 అంటే 6.9 మిల్లీసెకన్లకి. పీసీ 150 ఫ్రేములు తయారు చేస్తా ఉంటే నా మానిటర్ అందులో సగానికి పైగా చూపించకుండానే పారేస్తా ఉంది. ఇంకో తమాషా, 144 పెడదామని చూస్తే లిస్టులో 120 వరకే ఉంది. నేను పెట్టింది పాత హెచ్‌డీఎంఐ కేబుల్, మానిటర్ హెచ్‌డీఎంఐ పోర్టు కూడా అంతవరకే తీసుకుంటుంది, 144 కావాలంటే డిస్‌ప్లే పోర్ట్ కేబుల్ పెట్టాలి. ఆ కేబుల్ మానిటర్‌తో పాటే వచ్చింది. అటక మీద అట్టపెట్టెలో, కవరు కూడా చింపకుండా ఉంది. అమ్మ స్టూలు పట్టుకుంటే ఎక్కి తీసుకున్నా. అది పెట్టి 144 నొక్కిన తర్వాత మౌస్ బాణం కదిపితేనే తేడా తెలిసిపోయింది, గేమ్ దాకా కూడా పోనక్కర్లా.

స్మూత్ అయితే అయింది కానీ ఫైట్లో పడిపోవడం మాత్రం పోలేదు, చిట్టాలో ఇంకా 70యే. అప్పుడు ఒక ప్రయోగం చేశాం, గ్రాఫిక్స్ అన్నీ లోలో మూడు మ్యాచ్‌లు, అన్నీ హైలో మూడు మ్యాచ్‌లు. తేడా ఎంతనుకున్నారు? పది. పక్కన టాస్క్ మేనేజర్ చూస్తే గ్రాఫిక్స్ కార్డు 50 శాతం కూడా దాటట్లా, ఖాళీగా కూర్చుని ఉంది. వాలరెంట్ ఎక్కువగా ప్రాసెసర్ మీద ఆధారపడే గేమ్, ప్రాసెసర్ లెక్క తెగ్గొట్టి పంపేదాకా కార్డు ఎదురు చూస్తా ఉంటుంది. మా ఊళ్ళో అయితే కోత మిషన్ తొందరగానే కోస్తుంది, వడ్లు తోలే ట్రాక్టరు ఒకటే ఉంటే ఏం లాభం, అట్టా అన్నమాట. అలాంటప్పుడు గ్రాఫిక్స్ ఎంత తగ్గించినా ఒరిగేదేం లేదు. అందుకే అంచులు నునుపు చేసే యాంటీ అలియాసింగ్ పూర్తిగా తీసేయకుండా ఎంఎస్‌ఏఏ 2ఎక్స్ పెట్టుకున్నా, లేకపోతే దూరంగా ఉన్న తలకాయ అంచులు రంపం పళ్ళలా ఉంటాయి. మెటీరియల్, టెక్స్చర్, డీటెయిల్ మూడూ తక్కువలోనే ఉంచా, ఎందుకంటే బొమ్మలు సాదాగా ఉంటే మనిషి విడిగా కనపడతాడు. బ్లూమ్, డిస్టార్షన్, విన్యెట్ లాంటి హంగులు ఆఫ్, ఫ్రేముల్ని మానిటర్ వేగానికి కట్టేసే వీసింక్ కూడా ఆఫ్. పనిని ప్రాసెసర్ కోర్లకి పంచే మల్టీథ్రెడెడ్ రెండరింగ్ ఆన్, నొక్కినదానికీ తెర మీద కనపడేదానికీ మధ్య ఆలస్యం తగ్గించే రిఫ్లెక్స్ ఆన్. శత్రువు అంచు రంగు ఎరుపు నుంచి పర్పుల్‌కి మార్చా, చాలామంది పసుపు అంటారు, నాకు పర్పులే కంటికి ఆనింది.

అసలు మందు ర్యామ్. ఒకటే స్టిక్కు ఉంటే సింగిల్ ఛానెల్, అదే సైజుది రెండోది పక్కన పెడితే ప్రాసెసర్‌కి రెండు దార్లు తెరిచినట్టు. ఆదివారం బస్సెక్కి నెల్లూరు పోయి ఆత్మకూరు బస్టాండ్ కాడ దిగి ఒక సెకండ్ హ్యాండ్ షాపులో 2666 స్పీడుది ఇంకో 8 జీబీ కొన్నా. ఇంటికొచ్చి పెడితే స్క్రీన్ నల్లగా ఉంది, డిస్‌ప్లే లేదు. గుండె జారిపోయింది. బావకి ఫోన్ చేస్తే రెండూ పీకి బంగారు రంగు కాళ్ళని పెన్సిల్ రబ్బరుతో తుడిచి మళ్ళీ టక్‌మనేదాకా నొక్కమన్నాడు. చెల్లి జామెట్రీ బాక్సులో రబ్బరు తీసుకుని అట్టాగే చేస్తే వచ్చింది. ఆ రాత్రి చిట్టా: సగటు 190, పడినప్పుడు 125. ఇన్నాళ్ళూ వీడియోల వెంటపడి తెచ్చుకున్నదంతా కలిపినా అందులో పావు వంతు లేదు.

ఇక అయిపోయింది అనుకున్నా. ఏప్రిల్ వచ్చేసరికి మళ్ళీ మొదలు. మొదటి రెండు మ్యాచ్‌లు బ్రహ్మాండంగా ఉంటాయి, మూడో దాంట్లో నుంచి 90కి పడిపోద్ది. సెట్టింగ్ ఒక్కటి ముట్టుకోలా, చిట్టా సాక్షి. ఈసారి టెంపరేచర్ చూపించే సాఫ్ట్‌వేర్ వేసి చూస్తే ప్రాసెసర్ 97 డిగ్రీలు. 100 కాడ అది తనంతట తానే స్పీడు తగ్గించుకుంటుంది, కాలిపోకుండా. క్యాబినెట్ తలుపు తీశా. లోపల ఫ్యాను కింద వేడి తీసే రేకుల మధ్య మందంగా గోధుమ రంగు దుప్పటి. ఊక! మాకు మార్చి ఏప్రిల్ అంటే కోతలు, మిల్లు రాత్రీ పగలూ తిరుగుతుంది, కిటికీ తీస్తే గదంతా తవుడు ఊక ధూళే. నేను క్యాబినెట్‌ని కరెక్ట్‌గా ఆ కిటికీ కింద నేల మీద పెట్టుకున్నా.

దాన్ని క్లీన్ చేసింది కూడా మిల్లులోనే, అది ఇంకో తమాషా. మిల్లు మేస్త్రి దగ్గర మోటార్లు ఊదే బ్లోయర్ ఉంటే "అన్నా ఒకసారి ఇయ్యి" అని అడిగి అక్కడే అరుగు మీద ఊదేశా. ఫ్యాన్లు గాలికి గిర్రున తిరగకుండా వేలితో పట్టుకుని ఊదాలి, లేకపోతే పాడవుతాయి. ప్రాసెసర్ మీద పేస్టు ఎండి పెచ్చులుగా అయిపోయింది, తుడిచి కొత్తది శనగ గింజంత పెట్టా. క్యాబినెట్ కిటికీ కాడ నుంచి తీసి బల్ల మీదకి ఎక్కించా. 97 కాస్తా 78. రోహిణి కార్తెలో రోళ్ళు పగిలే ఎండల్లో కూడా 85 దాటలా.

నెట్ సంగతి చిన్నదే. రౌటర్ కింద హాల్లో, నేను మిద్దె మీద, మధ్యలో స్లాబు. వైఫైలో పింగ్ (పైన చెప్పిన ఆర్‌టీటీనే) 45 మిల్లీసెకన్లు ఉండేది, చెల్లి ఫోన్లో వీడియో పెట్టగానే 200 కొట్టేది. నెట్ వాళ్ళకి ఫోన్ చేస్తే "రీస్టార్ట్ చెయ్యండి సార్" తప్ప ఇంకో మాట లేదు. 20 మీటర్ల ల్యాన్ కేబుల్ మెట్ల పక్క నుంచి లాగా, 40 కాడ కదలకుండా నిలబడింది. చెల్లి వీడియో పెడితే ఇప్పుడు కూడా కొంచెం ఎగురుద్ది, దానికి మందు చెల్లితో మంచిగా ఉండటమే.

సెన్సిటివిటీ, అంటే మౌస్ ఎంత జరిపితే గురి ఎంత కదలాలి అన్నది, మాత్రం ఎవడిదీ కాపీ కొట్టబాకండి, నా మాట వినండి. నాది మౌస్ 1600 డీపీఐ (మౌస్ స్పీడు అంకె), గేమ్‌లో సెన్సిటివిటీ 0.6. రెండూ గుణిస్తే 960, అంటే 14 సెంటీమీటర్లు మౌస్ జరిపితే మనిషి ఒక చుట్టు తిరిగిపోతాడు. తల మీద పెట్టబోతే భుజం దాటి గోడ మీదకి పోతుంది. ఎవరో ప్రో ప్లేయర్‌ది చూసి 800, 0.35 పెట్టా, గుణిస్తే 280, ఒక చుట్టుకి దాదాపు 47 సెంటీమీటర్లు కావాలి. నా మౌస్ ప్యాడ్ ఎరువుల కంపెనీ వాళ్ళు ఊరికే ఇచ్చింది, మొత్తం 22 సెంటీమీటర్లు. వెనకాల నుంచి ఎవడన్నా వస్తే తిరగడానికి మౌస్ బల్ల అంచు దిగి కింద పడేది, ఒకసారి మజ్జిగ గ్లాసు కూడా పడింది. చివరికి బల్లంత పొడుగు మ్యాట్ కొని, 800 డీపీఐలో 0.4 కాడ ఆగి, నెల రోజులు మార్చనని బావకి మాటిచ్చా. మొదటి వారం అంతకుముందుకన్నా ఘోరంగా ఆడా, డెత్‌మ్యాచ్‌లో ఆఖరున ఉండేవాడిని. రెండో వారం చివర్లో చెయ్యి దానంతట అదే ఆగడం మొదలైంది.

సౌండ్ ఒక్కటి చెప్పి ఆపేస్తా. గేమ్‌లో హెచ్‌ఆర్‌టీఎఫ్ ఆన్ చేస్తే హెడ్‌ఫోన్లో అడుగుల చప్పుడు ఏ దిక్కు నుంచో బాగా తెలుస్తుంది, కానీ హెడ్‌సెట్ సాఫ్ట్‌వేర్‌లో వచ్చే 7.1 సరౌండ్ కూడా ఆన్‌లో ఉంటే రెండూ కలిసి కలగాపులగం. ఏదో ఒకటే ఉంచాలి, నేను గేమ్‌దే ఉంచుకున్నా.

ఇప్పుడు గోల్డ్ 1. అంతే, ఇంత చేస్తే రెండు మెట్లు. మూడు నెలలుగా గ్రాఫిక్స్ ముట్టుకోలా, సెన్సిటివిటీ ముట్టుకోలా. మొన్న వరసగా నాలుగు మ్యాచ్‌లు ఓడిపోయి రాత్రి ఒంటిగంటకి క్రాస్‌హెయిర్, అదే తెర మధ్య గురి గుర్తు, మాత్రం పచ్చ రంగు నుంచి సియాన్‌కి మార్చా. చిట్టాలో రాయలేదు, బావకి కూడా చెప్పలేదు.